పసిపాప మడమ నుండి నాలుగు చుక్కలు

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో, ల్యాబ్ టెక్నీషియనుగా పదవీ విరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకోవడం మామూలే. ఈ రోజు మన మనవల గురించి పది నిమిషాలు మాట్లాడేందుకు అనుమతి కోరుతున్నాను.

తొలి కాన్పు పుట్టింట జరగడం మన ఆచారం. కనుక ఆసుపత్రిలో బిడ్డ పక్కన ఉండేది, నర్సు అడిగినదానికి బదులు చెప్పేది చాలాసార్లు మనమే. రెండో రోజునో మూడో రోజునో ఆమె వచ్చి "పాప మడమ మీద సూదితో గుచ్చి రక్తం తీయాలి" అనగానే, "పురిటికందుకు సూదేమిటమ్మా, వద్దు" అనే అమ్మమ్మలు ఎందరో. వారి ప్రేమను తప్పు పట్టను. ఆ పరీక్ష దేనికో తెలిస్తే వారే దగ్గరుండి చేయిస్తారు.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయదు. తల్లి నుండి అందిన హార్మోను వల్ల పుట్టినప్పుడు బిడ్డ చక్కగానే కనిపిస్తుంది. లక్షణాలు బయటపడేసరికి మెదడుకు తీరని నష్టం జరిగిపోతుంది. మొదటి రెండు వారాలలోపే మందు మొదలుపెడితే బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది. ఆ మందు రోజుకొక చిన్న మాత్ర, అంతే. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 1,700 మందిలో ఒకరికి ఈ లోపం ఉన్నట్లు తేలింది.

ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చినది అమెరికాకు చెందిన డాక్టర్ రాబర్ట్ గుత్రీ. ఆయన కుమారుడికి బుద్ధిమాంద్యం ఉండేది. భార్య తోబుట్టువు కుమార్తెకు ఫినైల్ కీటోన్యూరియా అనే పుట్టుజబ్బు వచ్చింది. ఆ జబ్బును పసిగట్టడానికి కాగితం మీద ఎండిన రక్తపు చుక్క చాలునని ఆయన 1963లో ప్రచురించారు.

ఇక రక్తం తీసే విధానం. సుగర్ చూసుకోవడానికి వేలు గుచ్చుకునే మనకు ఇది కొత్త కాదు. బిడ్డ పుట్టి 24 గంటలు దాటాక, 72 గంటల లోపున తీయడం మంచిది. మరీ ముందు తీస్తే థైరాయిడ్ లెక్క తప్పుగా ఎక్కువ చూపవచ్చు. గోరువెచ్చని గుడ్డతో మడమను వెచ్చబరచి, మడమ మధ్యలో కాకుండా పక్క భాగంలో గుచ్చుతారు. మొదటి చుక్కను తుడిచేసి, తరువాతి పెద్ద చుక్కను కాగితం మీది వలయానికి తాకిస్తారు. రక్తం కాగితం వెనక వైపుకూ ఇంకాలి. చుక్క మీద చుక్క వేయకూడదు, మడమను గట్టిగా పిండకూడదు. ఆ కాగితాన్ని ఎండలో పెట్టకుండా, చేయి తగలకుండా, గది గాలికే మూడు నాలుగు గంటలు పరచి ఆరనివ్వాలి. ఆరిన కాగితం పోస్టు కవరులో కూడా క్షేమంగా ప్రయాణం చేస్తుంది.

మనం చేయవలసిన పనులు మూడున్నాయి.

ఒకటి: ఈ పరీక్షను అన్ని ఆసుపత్రులు తమంతట తాము చేయవు. కాన్పుకు ముందే డాక్టరుగారిని అడగండి. మేనరికపు సంబంధమైతే తప్పక చెప్పండి. వంశపారంపర్యపు జబ్బులు కొన్ని అటువంటి కుటుంబాలలో ఎక్కువ.

రెండు: కార్డు మీద పేరు, ఫోను నంబరు సరిగా రాయించండి. బిడ్డ ఆసుపత్రి నుండి మన ఇంటికి, ఆపైన అత్తవారింటికి వెళ్తుంది. కబురు అందకపోతే చేసిన పరీక్ష వృథా. తాతగారి నంబరు కూడా ఇవ్వండి.

మూడు: మళ్ళీ రమ్మంటే భయపడకండి, ఆలస్యం చేయకండి. మొదటిది అనుమానం మాత్రమే. జబ్బును నిర్ధారించేది రెండో పరీక్ష. జి6పిడి లోపం ఉందని తేలితే, బిడ్డ బట్టల దగ్గర కలరా ఉండలు ఉంచకండి. ఆ వాసనకే రక్తకణాలు పగిలిపోయే ప్రమాదముంది. ఏ మందైనా డాక్టరును అడిగే వేయాలి.

మనవరాలికి మురుగులు చేయిస్తాం, మొలతాడు కడతాం. వాటికంటే ముందుగా ఈ నాలుగు చుక్కల పరీక్ష చేయించండని మనవి.