కెన్యా షిల్లింగ్, ఉగాండా షిల్లింగ్: 1966లో ఒకటికి ఒకటి, మరి ఇప్పుడు?

ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో కరెన్సీ కన్వర్టర్ ఓపెన్ చేసి, ఒక్క కెన్యా షిల్లింగ్‌కి ఎన్ని ఉగాండా షిల్లింగ్‌లు వస్తాయో చూడండి. దాదాపు 28, కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. చూడగానే చాలామందికి ఏమనిపిస్తుందంటే, "ఓహో, కెన్యా 28 రెట్లు రిచ్ అన్నమాట" అని. కాదు. జపాన్ యెన్ మన రూపాయి కన్నా చిన్నది. అంత మాత్రాన జపాన్ పేద దేశం అయిపోయిందా? ఈరోజు కనిపించే నంబర్ ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. అది అక్కడికి ఎలా వచ్చిందో చూడాలి. ఆ దారి మాత్రం మామూలుగా లేదు.

మొదట్లో ఈ ప్రాంతంలో నడిచింది ఏ డబ్బో తెలుసా? మన రూపాయి! నిజంగానే. బ్రిటిష్ వాళ్లు మొంబాసా నుంచి రైలు మార్గం వేయడానికి ఇండియా నుంచి కూలీలను తీసుకెళ్లారు. వ్యాపారులూ వెళ్లారు. వాళ్లతో పాటు రూపాయి కూడా అక్కడ పాతుకుపోయింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం అయ్యేసరికి వెండి ధర పెరిగి, రూపాయి విలువ కూడా పైకి పోయింది. అక్కడి తెల్ల రైతులకు పంట మీద వచ్చేది పౌండ్లలో, అప్పులు కట్టేది రూపాయల్లో. గోల మొదలైంది. 1920లో రూపాయి తీసేసి ఫ్లోరిన్ తెచ్చారు, 1921లో అదీ తీసేసి తూర్పు ఆఫ్రికా షిల్లింగ్ తెచ్చారు. కెన్యా, ఉగాండా, టాంగన్యికా మూడింటికీ ఒకే షిల్లింగ్. 20 షిల్లింగ్‌లకు ఒక పౌండ్.

స్వాతంత్ర్యం వచ్చాక 1966లో మూడు దేశాలూ ఎవరి సెంట్రల్ బ్యాంక్ వాళ్లు పెట్టుకున్నారు, ఎవరి నోట్లు వాళ్లు కొట్టుకున్నారు. కానీ పాత షిల్లింగ్ ఇచ్చి కొత్తది అదే లెక్కన తీసుకోవడమే కాబట్టి, కెన్యాది ఒకటి అంటే ఉగాండాది ఒకటి. డాలర్‌కి రెండూ 7.14. మన కథకి స్టార్టింగ్ పాయింట్ ఇదే.

1971లో ఇదీ అమీన్ కుట్ర చేసి ఉగాండాలో అధికారం పట్టుకున్నాడు. 1972లో అక్కడి ఆసియా వాళ్లను, అంటే ఎక్కువగా మన గుజరాతీలను, 90 రోజుల్లో వెళ్లిపొమ్మన్నాడు. దుకాణాలు, ఫ్యాక్టరీలు నడిపేవాళ్లు పోయారు. సరుకు తగ్గింది, ప్రభుత్వం నోట్లు కొడుతూనే ఉంది. అయితే విచిత్రం ఏంటంటే, అఫీషియల్ రేటు మాత్రం కదల్లేదు! 1980లో కూడా కాగితం మీద రెండు షిల్లింగ్‌లూ దాదాపు సమానమే. పాత రేట్ల టేబుల్ చూస్తే ఈ పదేళ్లు చాలా ప్రశాంతంగా కనిపిస్తాయి.

అసలు కథ బోర్డర్ దగ్గర నడిచింది. 1975లో బ్రెజిల్‌లో మంచు కురిసి కాఫీ తోటలు పాడయ్యాయి. ప్రపంచమంతా కాఫీ ధర ఆకాశానికి పోయింది. ఉగాండా రైతుకి ప్రభుత్వం ఇచ్చేది ఉగాండా షిల్లింగ్, దాంతో కొనడానికి షాపులో ఏమీ లేదు. దాంతో 1976, 77 ప్రాంతంలో కాఫీ బస్తాలు రాత్రికి రాత్రి కెన్యా వైపు చెప్కుబే అనే ఊరికి దాటిపోయాయి. కెన్యా షిల్లింగ్ చేతికొస్తే సబ్బు, ఉప్పు, బట్ట దొరుకుతాయి. ఈ దొంగ వ్యాపారాన్ని అక్కడ మగెండో అంటారు. రేటు ఒకటికి ఒకటే అయితే ఎవరైనా ప్రాణాలకు తెగించి బోర్డర్ దాటిస్తారా?

1981లో ఉగాండా రేటుని మార్కెట్‌కి వదిలేసింది. డాలర్‌కి 8 దగ్గర ఉన్నది ఒక్కసారిగా 78 దగ్గరికి వెళ్లింది. అంటే కెన్యా షిల్లింగ్‌కి ఎనిమిది, తొమ్మిది. తర్వాత ఇంకా దిగజారుతూ 1987 మొదట్లో డాలర్‌కి 1400. కెన్యా లెక్కన చూస్తే 85కి పైనే.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. 1987 మేలో ఉగాండా రెండు సున్నాలు కొట్టేసింది. 100 పాత షిల్లింగ్‌లకు 1 కొత్త షిల్లింగ్. మార్చుకునేటప్పుడు 30 శాతం పన్ను. డాలర్‌కి 60 కొత్తవి అని రేటు పెట్టారు. లెక్క కడితే కెన్యా షిల్లింగ్‌కి మూడున్నర చిల్లర. గ్రాఫ్‌లో 85 నుంచి మూడున్నరకి పడిపోయింది కాబట్టి ఉగాండా డబ్బు బలపడింది అనుకుంటాం. నిజానికి డాలర్‌కి 60 కొత్తవంటే 6000 పాతవి, అంటే విలువ నాలుగో వంతుకి పడిపోయింది! కొన్ని వెబ్‌సైట్లు పాత రేట్లన్నీ కొత్త షిల్లింగ్‌లోకి మార్చి 1966 దగ్గర 0.01 అని చూపిస్తాయి, కొన్ని 1 అని చూపిస్తాయి. రెండూ కరెక్టే. ఏది చూస్తున్నారో తెలియకపోతేనే ప్రాబ్లం.

ఇది ఒక ఇంటి లెక్కలో చూద్దాం. 1966లో ఒక పెద్దాయన 10,000 ఉగాండా షిల్లింగ్‌లు పెట్టెలో దాచాడనుకోండి. అప్పట్లో అది 1400 డాలర్లు. 1987లో తీసుకెళ్తే పన్ను పోగా చేతికొచ్చేది 70 కొత్త షిల్లింగ్‌లు. డాలర్ కంటే కాస్త ఎక్కువ. అంతే. బోర్డర్ అవతల ఇంకొకాయన అదే 10,000 కెన్యా షిల్లింగ్‌లు దాచి ఉంటే, అప్పటికి ఇంకా 600 డాలర్ల పైనే. ఒకే రోజు, ఒకే విలువతో మొదలైన డబ్బు ఇది.

కెన్యా కూడా తక్కువేం తినలేదు లెండి. 7.14 దగ్గర మొదలైన షిల్లింగ్ 2024 జనవరిలో డాలర్‌కి 160 దాకా పడింది. జూన్‌లో తీర్చాల్సిన 200 కోట్ల డాలర్ల బాండ్ అప్పు కడతారా లేదా అని అందరికీ భయం. ఫిబ్రవరిలో కొత్త బాండ్ అమ్మి దారి చూసుకోగానే కోలుకుని, తర్వాత 130 లోపుకి వచ్చింది. ఆ జనవరిలో ఉగాండా లెక్కన కెన్యా షిల్లింగ్ 24 దగ్గరే ఉంది. కెన్యాకి మొక్కజొన్న అమ్మే ఉగాండా వ్యాపారికి లక్ష కెన్యా షిల్లింగ్‌లు వస్తే, 28 లక్షలు చేతికి రావాల్సిన చోట 24 లక్షలే వచ్చాయన్నమాట. ఈసారి ఉగాండా డబ్బు కుదురుగా ఉంది, ఊగింది కెన్యాది.

మరి మూడో తమ్ముడు టాంజానియా షిల్లింగ్ సంగతేంటి అని అడుగుతారు, తెలుసు. అది వచ్చే ఎపిసోడ్‌లో.