ఆటల వంపు తెర: ఎన్నికయు, అమరికయు
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



పాఠశాల సభలో కంప్యూటరు తెరను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని నేడు మన యిండ్లలో జరుగుచున్న వాదములలో ఇది యొకటి. వంపు తిరిగిన గేమింగ్ మానిటరు కావలెనని బాలుడు పట్టుపట్టును. అది వ్యర్థవ్యయమని తండ్రి యనును. కన్నులు చెడునని తల్లి భయపడును. కడకు అందరును చెన్నపురి రిచీ వీధికో, బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకో పోయి, అంగడివాడు చూపినదానిని కొని తెత్తురు. పది పదునైదు వేల రూపాయలు మన కుటుంబములకు స్వల్పధనము కాదు. కావున వలదని త్రోసిపుచ్చుటకు గాని, అడిగినంతనే యిచ్చుటకు గాని ముందు ఆ వస్తువు గుణదోషములను ఎరుగుట మంచిదని మా యభిప్రాయము.

మొదటిది వంపు. పెట్టెపై 1800 ఆర్, 1500 ఆర్, 1000 ఆర్ అని వ్రాసియుండును. ఇది వ్యాసార్ధమును మిల్లీమీటర్లలో తెలుపు సంఖ్య. ఆ వంపును పూర్ణవృత్తముగా సాగించినచో దాని వ్యాసార్ధము 1.8 మీటర్లగునని 1800 ఆర్ అనుదాని యర్థము. సంఖ్య తగ్గినకొలది వంపు హెచ్చును. తెర యంచులు కూడ కంటికి ఇంచుమించు మధ్యభాగమంత దూరముననే యుండవలెనన్నది దీని యుద్దేశము. ఈ ప్రయోజనము 34 అంగుళముల వెడల్పు తెరలలో స్పష్టముగా తెలియును. 27 అంగుళములలో కొంత తెలియును. 24 అంగుళములలో అది చాలవరకు అలంకారమే. అదియు నడుమ కూర్చుండిన యొక్కనికే దక్కును. అన్నదమ్ములు ముగ్గురు ప్రక్కప్రక్కన కూర్చుండి చూచు ఇంటికి చదునైన తెరయే మేలు. వంపు కన్నులను కాపాడునని నమ్మి కొనరాదు. కన్నులను కాపాడునవి దూరము, వెలుతురు, విశ్రాంతి.

రెండవది తెర జాతి. తక్కువ ధరకు దొరకు వంపు తెరలలో అధికభాగము వీఏ జాతివి. నలుపు తెలుపుల తారతమ్యము వీనిలో సుమారు 3000కు 1గా నుండగా, ఐపీఎస్ జాతిలో సాధారణముగా 1000కి 1గా నుండును. అందుచేత చీకటి దృశ్యములు వీఏ తెరపై చక్కగా కనబడును. అయితే ఆ చీకటిలోనే కదలు బొమ్మల వెనుక మసక జాడలు ఏర్పడుటయు, ప్రక్కనుండి చూచినపుడు రంగులు వెలవెలబోవుటయు దీని లోపములు. ‘ఒక్క మిల్లీసెకను’ అను ప్రకటనను చూచి మురియరాదు. దానిని కొలుచుటకు జీటీజీ, ఎంపీఆర్‌టీ అను రెండు వేర్వేరు పద్ధతులు కలవు. ఒక పద్ధతి సంఖ్యను మరియొక పద్ధతి సంఖ్యతో పోల్చుట తప్పు.

మూడవది వేగము. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లు బొమ్మను మార్చును. అనగా ఒక్కొక్క బొమ్మ సుమారు 16.7 మిల్లీసెకనులు నిలుచును. 144 హెర్ట్జ్ తెరలో అది సుమారు 6.9 మిల్లీసెకనులే. కదలిక నునుపుగా కనబడుటకు ఇదియే కారణము. కాని అన్ని బొమ్మలను కంప్యూటరు తయారుచేయగలుగవలెను గదా! ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు లేని ఇంటిలో పెద్ద ఆటలకు ఆ వేగము అందదు. అట్టిచోట తెర వేగమునకు సొమ్ము పోయుట ఎడ్లు లేక బండి కొన్నట్లగును. కంప్యూటరు వేగమునకు తెర తన వేగమును సరిచూచుకొను అడాప్టివ్ సింక్ సౌకర్యము మాత్రము ఉండుట మేలు. 2019 జనవరి నుండి ఎన్విడియా కార్డులు కూడ ఇట్టి తెరలను పెక్కింటిని అంగీకరించుచున్నవి. కావున జీ-సింక్ ముద్ర కొరకు అధికధనము పెట్టనక్కరలేదు.

నాలుగవది అక్షరము. మాకన్నిటికంటె ముఖ్యముగా తోచునది ఇదియే. మన పిల్లలకు వీధిలో తెలుగు బోర్డులు కనబడుట అరుదు. బడి పుస్తకము దాటిన పిమ్మట వారు తెలుగు చదువునది తరచుగా ఈ తెరపైననే. మన లిపిలో ద, ధ, ప, ఫ, చ, ఛ అను వర్ణములకు భేదము ఒక చిన్న గీత మాత్రమే. వత్తులు అక్షరము క్రిందనే ఒదిగియుండును. తెరపై చుక్కలు పలుచనైనచో ఈ గీతలు, వత్తులు అలుకుకొనిపోవును. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల తెర 24 అంగుళములదైనచో అంగుళమునకు సుమారు 92 చుక్కలు వచ్చును. అదియే 27 అంగుళములదైనచో 82 మాత్రమే. 27 అంగుళములే కావలెనన్నవారు 2560, 1440 చుక్కల తెర నెన్నుకొనవలెను. అందు 109 చుక్కలుండును. అంగడిలో ఆట బొమ్మలతో పాటు ఒక తెలుగు పుటను కూడ తెరపై పెట్టించి చూడుడు. ‘స్త్రీ’, ‘రాష్ట్రము’, ‘జ్యోత్స్న’ అను మాటలను పిల్లవానిచేతనే చదివింపుడు. అతడు తడుముకొన్నచో ఆ తెర మీది కాదు.

కొనునపుడు బీఐఎస్ ముద్ర, రసీదు, వారంటీ చూచుకొనవలెను. తెల్లని బొమ్మను, నల్లని బొమ్మను వేయించి, చచ్చిన చుక్కలున్నవేమో పరిశీలింపవలెను.

ఇక అమరిక. వంపు తెరను పెట్టెనుండి తీయునపుడు నడిమి భాగమును నొక్కరాదు. అంచులను, వెనుక భాగమును పట్టుకొనవలెను. కిటికీకి ఎదురుగా గాని, కిటికీ ముందు గాని పెట్టక, కిటికీ ప్రక్కకు వచ్చునట్లు బల్లను త్రిప్పుడు. తెర పై యంచు కంటి మట్టమునకు గాని, కొంచెము దిగువకు గాని ఉండవలెను. ముఖమునకు చేయిచాచినంత దూరము పాటింపవలెను. కొన్ని చౌక తెరలలో హెచ్‌డీఎమ్‌ఐ ద్వారము పూర్తి వేగము నీయదు. డిస్‌ప్లే పోర్ట్ తీగ ఉన్నచో దానినే తగిలింపుడు. తీగ తగిలించిన తోడనే పని ముగియలేదు. 144 హెర్ట్జ్ తెర తరచుగా 60 వద్దనే నిలిచియుండును. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అను వరుసన పోయి వేగమును మార్చవలెను. ఓవర్‌డ్రైవ్ అను అమరికను నడిమి మెట్టున నుంచుడు. పై మెట్టున బొమ్మల వెంట తెల్లని నీడలు పుట్టును. అంగడిలో కన్ను చెదరునట్లు పెట్టిన వెలుగును ఇంటిలో తగ్గింపుడు. క్లియర్‌టైప్ ద్వారా అక్షరములను సరిదిద్దుడు. చిన్నవిగా తోచినచో 125 శాతమునకు పెంచుడు.

తెర ఎంత మంచిదైనను ఇరువది నిమిషముల కొకసారి ఇరువది అడుగుల దూరమునకు ఇరువది సెకనులు చూపు మరల్చుట పిల్లలకు నేర్పవలెను. ఆరుబయట గడుపు కాలము బాలురకు హ్రస్వదృష్టి వచ్చు అవకాశమును తగ్గించునని పరిశోధనలు తెలుపుచున్నవి. సాయంకాలపు ఆటస్థలమునకు ఏ తెరయు బదులు కాజాలదు.

మా సలహా సంగ్రహముగా నిది. ఒక్కడే కూర్చుండువాడై, తగిన కంప్యూటరు ఉండి, 27 అంగుళములకు తగిన చుక్కలు మీ ధనమునకు లభించినచో వంపు తెర కొనవచ్చును. ఇందులో ఏది లోపించినను 24 అంగుళముల చదునైన ఐపీఎస్ తెర కొనుడు. మిగిలిన సొమ్ము మంచి కుర్చీకి ఉపయోగింపుడు. నిర్ణయమును పిల్లల యెదుటనే, లెక్క వ్రాసి చూపి చేయుడు. కోరిక నణచినట్లు గాక, విచారించి యెన్నుకొనుట నేర్పినట్లగును.