క్రీడారంగమున సత్యము

(పాతబస్తీ బాలుర క్రికెట్టు, ఫుట్‌బాలు జట్ల బహుమతి ప్రదానసభయందు చేసిన ప్రసంగము)



బహుమానములు పంచు దినమున గెలుపును గూర్చి మాటలాడుట వాడుక. గెలిచినవారిని మేమును మనఃపూర్వకముగ నభినందించుచున్నాము. కాని నేడు మేము చెప్పదలచినది కప్పును గూర్చి కాదు. కప్పు చేతికి రాకముందు ఆటలో నొక క్షణము వచ్చును, దానిని గూర్చి. బంతి బ్యాటు అంచును తాకినదో లేదో ఆడినవాని కొక్కనికే తెలిసిన క్షణమది. చేతికి తగిలిన బంతి గోలులోనికి పోయినపుడు ఆ చేయిగలవానికే తెలిసిన క్షణమది. అప్పుడు వానిని పట్టుకొనువా డెవ్వడును లేడు. వాని వెనుక పదిమంది స్నేహితులు మాత్ర మున్నారు. వాడేమి చేయవలెను?

చార్మినారు చుట్టుపట్ల గల్లీలలో క్రికెట్టు ఎట్లాడుదురో మీకు చెప్పనక్కరలేదు. గోడమీద బొగ్గుతో గీసిన మూడు గీతలే వికెట్లు. వేరుగ అంపైరు దొరకడు గావున బ్యాటింగు చేయు జట్టువాడే అంపైరుగా నిలుచును. అనగా తనవానిని తానే ఔటని చెప్పవలెను. పెద్ద పెద్ద న్యాయస్థానములలో గూడ తన వ్యాజ్యమునకు తానే తీర్పరిగా నుండరాదని నియమము గలదు. మన గల్లీ ఆ నియమమును విడిచి, పండ్రెండేండ్ల బాలుని ధర్మాసనముపై కూర్చుండబెట్టినది. వానిపై గల్లీ కెంత నమ్మకము! వాని కెంత పరీక్ష!

ఆ పరీక్షలో మేము తప్పితిమి. దాచనేల? మాకు పదునాలుగేండ్ల ప్రాయమున శాలిబండ దాపున నొక గల్లీలో పందెము జరిగినది. గెలుపునకు మాకింక ఆరు పరుగులు కావలెను. జట్టులోని పెద్దవాడు బ్యాటు పట్టియుండెను. మేము అంపైరుగా నుంటిమి. బంతి అంచును తాకిన చప్పుడు మాకు స్పష్టముగ వినబడెను, కీపరు పట్టెను. బంతి వేసిన పిల్లవాడు మాకంటె చిన్నవాడు. వాడు కేక వేయలేదు. మా ముఖము వంక చూచెను, అంతే. మా వెనుకనుండి మావారు "నాటౌట్" అని యరచుచుండిరి. మేము తల యడ్డముగ నూపితిమి. ఆట గెలిచితిమి, మిఠాయి తింటిమి. ఆ పిల్లవాడు మరల మా గల్లీకి ఆటకు రాలేదు.

ఆనాడు మమ్మెవ్వరును కొట్టలేదు, బెదిరింపలేదు. మేము భయపడినది దెబ్బకు గాదు. ఆ సాయంకాలము ఒంటరిగ ఇల్లు చేరవలసివచ్చునేమో యని. మిత్రులారా! బాల్యమున అబద్ధములు ఎక్కువగ దురాశవలన బుట్టవు. ఈ ఒంటరితనపు భయమువలననే పుట్టును.

ఈ భయము మన గల్లీవారికే కలదనుకొనకుడు. 2018 మార్చి నెలలో కేప్‌టౌను నగరమున దక్షిణాఫ్రికాతో ఆడుచున్న ఆస్ట్రేలియా జట్టులో బాన్‌క్రాఫ్టు అను నిరువదియైదేండ్ల యువకుడు గరుకు కాగితముతో బంతిని రాచి పట్టుబడెను. అది వాని యెనిమిదవ టెస్టు మాత్రమే. నాయకునికిని ఉపనాయకునికిని ఏడాదియు, వానికి తొమ్మిది నెలలును నిషేధము కలిగెను. ఏల చేసితివని తరువాత నడిగినపుడు, జట్టులో నొకడుగా నుండవలెనను కోరికచే చేసితినని యతడు చెప్పుకొనెను. ప్రపంచప్రసిద్ధమైన జట్టులో నున్న యువకుని భయమును, శాలిబండ గల్లీ బాలుని భయమును ఒక్కటియే!

మనస్తత్వశాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించియున్నారు. 1950 ప్రాంతమున అమెరికాలో సాలమన్ ఆష్ అను నాచార్యుడు కొందరిని గుంపుగ గూర్చుండబెట్టి, ఏ గీత పొడవో చెప్పుమనెను. గుంపులో నొక్కడు తప్ప తక్కినవారందరు ముందుగ నేర్పబడినవారు. బుద్ధిపూర్వకముగ తప్పు చెప్పిరి. కన్నులకు స్పష్టముగ గనబడుచున్నను ఆ యొక్కడు సుమారు మూడింట నొకసారి గుంపుతో గూడి తప్పే చెప్పెను. కాని గుంపులో మరియొక్కడు నిజము పలికినయెడల, ఆ లొంగుబాటు నాలుగవవంతునకు దిగజారెను. గుంపు బలమును విరుచుటకు సైన్యము అక్కరలేదన్నమాట. రెండవ గొంతు ఒక్కటి చాలును!

"ఇది ఆటయే గదా" యని కొందరనవచ్చును. మొక్కై వంగనిది మానై వంగునా? అంచు తగులలేదన్న నోరే కొంతకాలమునకు వయస్సు దాచుట నేర్చును. పదునారేండ్ల లోపు పోటీలలో పదునెనిమిదేండ్లవారు తప్పుడు జన్మపత్రములతో ఆడు దోషము దేశమంతట గలదు. దీనిని మాన్పుటకు కేంద్రప్రభుత్వము 2010లో నొక నియమావళి చేసినది. క్రికెట్టు బోర్డువారు బాలుర మణికట్టునకు ఎక్సురే తీసి ఎముకల వయస్సు లెక్కించు పద్ధతి తెచ్చిరి. 2020లో తమంత తాము దోషము నొప్పుకొన్నవారిని క్షమింతుమనియు, పట్టుబడినవారికి రెండేండ్ల నిషేధమనియు ప్రకటించిరి. కాని ఈ దోషము ఎముకలలో లేదు. అట్టి పత్రము బాలుడు తనంత తాను సంపాదింపలేడు. వాని వెనుక తండ్రియో, శిక్షకుడో యుండును. జట్టంతకు తెలియును, జట్టంతయు మౌనము వహించును. ఆ మౌనమువలన నష్టపడు వాడెవ్వడు? నిజముగ పదునైదేండ్ల ప్రాయముగల, సిఫారసు లేని పేదబాలుడు. వాని స్థానము దొంగిలింపబడినదని వాని కెన్నటికిని తెలియదు.

మన నగరమునకు మరియొక గాయము గలదు. తన మొదటి మూడు టెస్టులలో మూడు శతకములు చేసిన మన హైదరాబాదువాసి అజహరుద్దీనుగారిపై, పందెగాండ్ర వ్యవహారమున, 2000 డిసెంబరులో బోర్డు ఆజీవ నిషేధము విధించెను. 2012లో ఉన్నతన్యాయస్థానము ఆ నిషేధము చెల్లదని తీర్పు చెప్పెను. తీర్పుపై తీర్పు చెప్పుట మా పనికాదు. ఆటపై అనుమానపు నీడ పడిననాడు ఆ ఆటను ప్రేమించినవారి మనస్సు లెంత కలతపడునో ఈ నగర మెరుగునని మాత్రము చెప్పుదుము.

ఇందుకు మందేది? మొదటిది నాయకుని చేతిలో గలదు. 1980 ఫిబ్రవరిలో బొంబాయియందు ఇంగ్లండుతో జరిగిన స్వర్ణోత్సవ టెస్టులో అంపైరు బాబ్ టేలరును ఔటని చెప్పెను. బంతి తాకలేదని గ్రహించిన మన నాయకుడు గుండప్ప విశ్వనాథు అతనిని మరల పిలిపించెను. టేలరు, బోథముతో గలిసి 171 పరుగులు జోడించెను. మనము పది వికెట్ల తేడాతో ఓడితిమి. ఆ యోటమిని గూర్చి విశ్వనాథును నేడు నిందించువారెవ్వరు? ఆ పిలుపునే లోకము జ్ఞాపకముంచుకొన్నది.

రెండవది అభ్యాసము. మన నగరపు ఉపాధ్యాయుడు సయ్యదు అబ్దుల్ రహీముగారు సిటీ పోలీసు జట్టును 1950 మొదలు 1954 వరకు వరుసగ నైదుమార్లు రోవర్సు కప్పు విజేతగా నొనర్చెను. 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో మన దేశమునకు బంగారుపతకము తెచ్చెను. ఆయన బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో పందెములు నడిపెను. ఏలయన, అభ్యసింపని కాలు సమయమునకు పనిచేయదు. సత్యమును మన శీలమున నట్టి బలహీనపు కాలే. దానిని చిన్న పందెములలో సాధన చేయక, పెద్ద పందెమున లేచి నడువుమన్న నడువదు.

కావున నాలుగు మాటలు విన్నవింతుము. మొహల్లా పందెములలో మూడవ జట్టువానిని అంపైరుగా నిలుపుడు. బాలునిపై మోయరాని భారము మోపకుడు. నాయకుడు ఆటకు ముందే "నిజము చెప్పినవానిని జట్టునుండి తీయ"నని అందరియెదుట చెప్పవలెను. జన్మపత్రములను ఇరుజట్లవారును చూచుకొనవలెను. తలిదండ్రులారా! బాలుడు ఇంటికి రాగానే "గెలిచితివా" యని కాక, "ఎట్లాడితివి" యని యడుగుడు.

తుదకు మీతో నొక్క మాట, బాలురారా! అందరును మొదట నిజము పలుకువారు కాలేరు. అది కఠినమైన పని. కాని ఒక్కడు పలికినపుడు "ఔను, నేనును వింటిని" అనుట ఎల్లవారికిని సాధ్యము. ఆనాడు మా వెనుకనున్న పదిమందిలో నొక్కడు ఆ మాట యనియుండిన, మా వ్రేలు లేచియుండెడిది. వారు పలుకలేదని మేము వారిని దూషింపము; మేమే మొదట పలుకలేదు. మీ గల్లీలో నట్టి సాయంకాలము వచ్చినపుడు, ఆ రెండవ గొంతు మీదగుగాక! సత్యము చెప్పినవాడు ఒంటరిగ నింటికి పోకుండ వానితో నడువుడు.