న్యూయార్కులో అందుకున్న సాయం, మన బడికి ఒక లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నన్ను అమెరికాలో ఇంజనీరింగ్ అవకాశాల గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటే మీ పిల్లలకే బాగా తెలుసు. సంఘం నిధిని ఏం చేయాలో రేపు తేల్చుకోబోతున్నాం కాబట్టి, నేను ఒకప్పుడు సాయం పుచ్చుకుని, ఇప్పుడు చందా ఇస్తున్న చోటు గురించి చెబుతాను.

నేనుండేది న్యూయార్కులో క్వీన్స్ ప్రాంతం. భవనాల పునాదులు, స్తంభాల లెక్కలు కట్టే ఉద్యోగం. 2008 చివర్లో బ్యాంకులు కూలాక కొత్త కట్టడాలు ఆగిపోయాయి. 2009 ఫిబ్రవరిలో మా ఆఫీసులో సగం మందిని పంపించేశారు, అందులో నేనొకణ్ణి. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. నిరుద్యోగ భృతి అద్దెకి, కరెంటుకి బొటాబొటిగా సరిపోయేది. ఈ సంగతి మా నాన్నగారికి చివరిదాకా తెలియదు. మీలో చాలామంది కూడా ఇప్పుడే వింటున్నారు.

ఏడాది తిరిగినా ఉద్యోగం రాలేదు. కింది వాటాలో ఉండే గుజరాతీ ఆవిడ ఒకరోజు, "భాయ్, ట్యాక్సు రిటర్నుకి డబ్బులు తగలేయకండి, ఊరికే వేసిపెట్టే చోటుంది" అని చిరునామా రాసిచ్చింది. అక్కడ పేదల పేటల్లో ఫిబ్రవరి వచ్చేసరికి ట్యాక్సు దుకాణాలు వెలుస్తాయి. రిటర్ను వేసినందుకు రుసుము, రీఫండు ముందే అప్పుగా ఇస్తే దాని మీద ఇంకో కోత. ఆవిడ చెప్పింది అలాంటి దుకాణం కాదు, ఒక సేవాకేంద్రం. మెట్లు దిగి కిందికి వెళ్లాలి. టోకెను ఇచ్చి కూర్చోమన్నారు. బల్లకి అవతల ఒక పెద్దావిడ. కిందటేడు మొత్తం సంపాదన ఎంత, పిల్లల వయసులెంత, అద్దె ఎంత అని అడుగుతూ కంప్యూటరులో ఎక్కించుకుంది. పనిచేసి తక్కువ సంపాదించిన కుటుంబాలకి అక్కడ ప్రభుత్వమే ట్యాక్సు ద్వారా కొంత డబ్బు తిరిగిస్తుంది. కేంద్రంతోపాటు రాష్ట్రం, నగరం కూడా దానికి కొంత కలుపుతాయి. ఇంజనీరునైన నాకు ఆ సంగతే తెలియదు, ఎప్పుడూ అవసరం పడలేదు కాబట్టి. మాకొచ్చింది దాదాపు మూడు నెలల అద్దె.

ఆవిడే సరుకులిచ్చే చోటు కూడా చెప్పింది. అక్కడ మూటకట్టి చేతిలో పెట్టరు. షాపులోలాగా బండి తోసుకుంటూ మనకి కావలసినవి మనమే తీసుకోవాలి. మేం మాంసం తినం. డబ్బా మాంసం వదిలేసి బియ్యం, చిక్కుడు గింజలు, ఉల్లిపాయలు తెచ్చుకున్నాను. ఎందుకొద్దు అని ఎవరూ అడగలేదు. ఫోటో తీయలేదు.

ఆ కేంద్రానికి డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో గోడ మీది చిన్న కాగితం చూస్తే తెలిసింది. అందులో ఒక పేరు రాబిన్ హుడ్ ఫౌండేషన్. 1987లో షేర్ మార్కెట్ కుప్పకూలాక, 1988లో పాల్ ట్యూడర్ జోన్స్ అనే పెట్టుబడిదారు మరికొందరితో కలిసి న్యూయార్కు పేదల కోసం పెట్టిన సంస్థ అది. మనం నేరుగా వెళ్లి అడిగితే చేతికి డబ్బివ్వరు. పేటల్లో పనిచేసే రెండొందలకు పైగా సంస్థలకి ఇస్తారు. ఆఫీసు ఖర్చులన్నీ బోర్డు సభ్యులే భరిస్తారు కాబట్టి బయటివాళ్లిచ్చిన ప్రతి డాలరూ పనికే వెళ్తుంది.

2011లో మళ్లీ ఉద్యోగం దొరికాక నేనూ పంపడం మొదలుపెట్టాను. మరుసటి ఏడే శాండీ తుఫాను మా క్వీన్స్‌లోని సముద్రతీరపు పేటల్ని ముంచేసింది. డిసెంబరు 12న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పెద్ద పెద్ద గాయకులతో కచేరీ పెట్టి వాళ్లు 5 కోట్ల డాలర్లకు పైగా పోగుచేశారు. మేం కొందరం శనివారాలు వెళ్లి, తడిసి బూజు పట్టిన గోడల పలకలు ఊడబీకాం. ఆ పనికి డిగ్రీ అక్కర్లేదు, నడుము గట్టిగా ఉంటే చాలు.

విమర్శలూ ఉన్నాయి. కోటీశ్వరులు ఏడాదికోసారి విందు పెట్టుకుని దానధర్మాలు చేసే బదులు పన్నులు సరిగ్గా కట్టొచ్చుగా అని అక్కడ చాలామంది అంటారు. ఆ మాటలో నిజముంది. నాకు మూడు నెలల అద్దె ఇచ్చింది ప్రభుత్వమే గానీ రాబిన్ హుడ్ కాదు. వాళ్లు చేసిందల్లా నాకు రావలసింది రప్పించే మనిషినీ, ఆ మనిషికో కుర్చీనీ ఏర్పాటు చేయడం. నాకు నచ్చింది అదే.

ఇప్పుడు మన బడి సంగతి. సర్కారు బళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలకి జాతీయ ఉపకార వేతన పరీక్ష ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్లకి 48,000. నిన్న స్టాఫ్‌రూములో మాస్టార్లని అడిగాను. ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. బ్యాంకు ఖాతాకి ఆధార్ కలపలేదు. ఆదాయ సర్టిఫికెట్ కోసం తండ్రి రెండు రోజుల కూలి పోగొట్టుకోవాలి. వచ్చినవాడికి కూడా మరుసటి ఏడాది రెన్యువల్ చేయించే దిక్కులేక ఆగిపోతోంది. పాఠాలు చెప్పుకునే మాస్టార్లకి ఇదంతా చూసే తీరిక ఎక్కడిది?

వారానికి రెండు రోజులు బడిలో కూర్చుని ఈ కాగితాలే చూసే మనిషిని పెడదాం. నెలకి 6,000 అనుకుంటే ఏడాదికి 72,000. ఆ మనిషి వల్ల అదనంగా పదిమందికి వచ్చినా నాలుగేళ్లకి 4,80,000. 'అదనంగా' అన్న మాట గుర్తుపెట్టుకోండి. రాబిన్ హుడ్ వాళ్ల లెక్కల్లో అది ముఖ్యం. మనం లేకపోయినా ఆ పిల్లవాడికి వచ్చేదే అయితే అది మన ఖాతాలో రాసుకోకూడదు.

ఇంకొక్క మాట, పెద్దలు కోప్పడకండి. పోయినేడు చెక్కుల పంపిణీ ఫోటోలు వాట్సాప్‌లో చూశాను. మనమంతా కెమెరా వైపు నవ్వుతున్నాం, చెక్కు పట్టుకున్న ఆ అమ్మాయి మాత్రం తన కాళ్ల వైపు చూస్తోంది. రేపటి తీర్మానంలో ఈ వాక్యం కూడా చేర్చమని నా మనవి: సాయం తీసుకునే పిల్లల్ని వేదిక మీదికి పిలవం, పేర్లు సావనీరులో వేయం. మార్కులకిచ్చే బహుమతులు వేరు, వాటికి ఎంత చప్పట్లు కొట్టినా తక్కువే.

మొదటి రెండేళ్ల జీతం నేను కడతాను. లైబ్రరీ పక్క గది ఇస్తామని హెడ్మాస్టరుగారు అన్నారు. బల్ల, కుర్చీలు ఉన్నాయట, ఫ్యాను లేదట. మా బ్యాచ్‌లో ఎలక్ట్రికల్ షాపు నడిపేవాడు ఒకడు వెనక వరుసలో కూర్చున్నాడు, వాడి వైపు అందరూ ఒకసారి చూడండి.

సెలవు.