మడమబిళ్ళ: అలంకారమూ అతుకూ
(డిగ్నాబాద్‌లో జరిగిన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయిన పిదప కొన్ని మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరినారు. "కళలను గురించి చెప్పండి, దస్త్రముల సంగతి మాత్రం వద్దు" అని షరతు కూడా పెట్టినారు. నేను చదివినది కళాశాస్త్రములు. చేయుచున్నది సచివాలయంలో కొలువు. పెద్ద కళలను గురించి మాట్లాడుటకు నాకు చాలినంత పాండిత్యం లేదు. అందుచేత రెండు వేళ్ళ వెడల్పు గల ఒక చెక్కముక్కను గురించి మనవి చేయదలచినాను.

గిటారును మీరందరూ ఎరుగుదురు. మెడ వచ్చి పొట్టతో కలిసే చోట, వెనుక వైపున, మెడ కొయ్య లావై కిందికి దిగుతుంది. దానిని వాద్య నిర్మాతలు హీల్, అనగా మడమ, అంటారు. ఆ మడమ అడుగున, వీపు చెక్కకు సమమట్టంగా, రెండు మూడు మిల్లీమీటర్ల మందం గల ఒక బిళ్ళను అతికిస్తారు. దాని పేరు హీల్ క్యాప్. మన ఆడపడుచుల జడబిళ్ళను తలచుకొని నేను దానిని మడమబిళ్ళ అంటాను. సభలో కూర్చున్న శ్రోతకు అది కనబడదు. వాయించేవాడికి కూడా గిటారును తిప్పి చూస్తేనే కనబడుతుంది.

కనబడని దానికి అలంకారం ఎందుకు అని మీరు అడుగవచ్చును. కాని చేతిపనిగా గిటారు చేసేవారు దానిమీద చూపే శ్రద్ధ ఆశ్చర్యం కలిగిస్తుంది. పొట్ట అంచుల చుట్టూ కట్టిన పట్టీ ఏ కొయ్యదో, బిళ్ళను కూడా తరచుగా ఆ కొయ్యతోనే చేస్తారు. నల్లని ఎబొనీ, రోజ్‌వుడ్, తెల్లని మేపుల్ ఎక్కువ వాడుకలో ఉన్నవి. బిళ్ళకూ మడమకూ నడుమ కాగితమంత పలుచని వేరొక రంగు పొర వేస్తే, పంచెకు అంచువలె ఒక సన్నని గీత తేలుతుంది. కొందరు అర్ధచంద్రాకారంగా కోస్తారు. కొందరు బాదంగింజవలె కొస తీరుస్తారు. ముత్యపుచిప్ప పొదిగేవారూ ఉన్నారు. వీపున రెండు చెక్కలు కలిసిన గీత సూటిగా వచ్చి బిళ్ళ నడిమికి దిగాలి. అది వెంట్రుకవాసి జరిగినా కన్ను పట్టేస్తుంది. ఇక్కడ ఆడంబరం కంటె పొందిక ముఖ్యం.

ఈ పరిజ్ఞానం నాకు పుస్తకముల వలన రాలేదు. ఇంట జరిగిన ఒక చిన్న వ్యవహారం వలన వచ్చినది.

మా తల్లిగారు బొబ్బిలి ప్రాంతం వారు. ఆమె వాయించిన వీణ మా ఇంట నేటికీ ఉన్నది. మనుమడు దానిని ముట్టక గిటారు పట్టినాడని నాకు లోలోపల కష్టంగానే ఉండేది. నిరుటి ఉగాదికి వాడు ఇదే వేదికపై వాయించవలసి ఉన్నది. నాలుగు రోజుల ముందు చూడగా మడమబిళ్ళ పగిలి ఊడిపోయినది. పక్కనే మడమకూ పొట్టకూ నడుమ గోరు దూరేటంత సందు. "వెడల్పయిన బిళ్ళ ఒకటి వేయించి ఆ సందు మూయిస్తే సరి. సభలో ఎవరు చూస్తారు?" అన్నాను. అబ్బాయి మాట్లాడలేదు.

టెక్కలి వైపు నుండి వచ్చి ఈ ఊర స్థిరపడిన ఒక వడ్రంగి మేస్త్రిగారి వద్దకు పోయినాము. ఆయన గిటారును బోర్లించి, సందులో కాగితపు ముక్క దూర్చి చూసినారు. అది లోనికి పోయినది. "బాబూ, బిళ్ళ ఊడ్డం కాదిది, మెడ లేస్తంది. దీనిమీద బిళ్ళేసి డబ్బులు తీసుకోడం నాకేం కష్టం కాదు. ఆర్నెల్లకి మెడ సేతికొచ్చేస్తాది. ముందు అతుకు సూపించండి. బిళ్ళ తరవాత" అన్నారు.

ఆయన మాట అక్షరాలా నిజం. ఉక్కు తీగెలు ఆరూ కలిసి మెడను లాగే బలం దాదాపు 70 కిలోలు. వాయించినా వాయించకపోయినా, తీగెలు బిగించి ఉన్నంతకాలం ఆ లాగుడు ఉంటుంది. అతుకు సడలితే మెడ ముందుకు లేస్తుంది. అప్పుడు మడమ పైభాగం పొట్టను నొక్కుతుంది. అడుగుభాగం పొట్టను విడిచి వెలికి వస్తుంది. కాబట్టి దోషం మొదట బయటపడేది బిళ్ళ దగ్గరనే. మన దీవుల తేమ జిగురు పట్టును ఇంకొంత పరీక్షిస్తుంది. మరమ్మతు తెలిసినవారు ఆవిరితో అతుకును విప్పి, మడమ కొయ్యను బిళ్ళ వైపున రవంత చెక్కి, పైకి పోయేకొద్దీ తగ్గించి, మెడను సరియైన కోణంలో మరల అతుకుతారు. చెక్కేది సాధారణంగా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఆ పనికై గిటారును చెన్నైకి పంపినాము. నిరుడు అబ్బాయి వెనుక వరుసలో కూర్చుని ఇతరులు పాడగా విన్నాడు. వాడి ముఖం చూచుట నాకు కష్టమయినది.

ఆ తరువాత ఏ వాద్యమును చూసినా నా కన్ను అతుకు మీదికే పోవుచున్నది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు మనదిగా చేసి చూపిన వయొలిన్‌ను తీసుకొనండి. దాని వీపు చెక్క నుండియే అర్ధవృత్తంగా ఒక నాలుక ముందుకు వచ్చి మెడ మడమకు అతుక్కొని ఉంటుంది. అక్కడ బిళ్ళ అలంకారం కాదు, ఆధారం. అది అరిగి చిన్నదైనప్పుడు మరమ్మతుదారులు దాని చుట్టూ ఎబొనీతో సన్నని కిరీటం కడతారు. అవసరం కొరకు కట్టినది అందమయినది.

ఇక వీణ. కాయనూ దండినీ వేరువేరుగా చేసి కలిపే వీణలలో ఆ కలయికపై అలంకారపు పట్టీ వస్తుంది. పూర్వం వీణల అలంకారానికి ఏనుగుదంతం వాడేవారు. 1986లో మన దేశపు ఏనుగుల దంతం వ్యాపారాన్ని చట్టం నిషేధించిన తరువాత ప్లాస్టిక్ ఆ స్థానానికి వచ్చినది. బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయుల మార్గం వేరు. వారు పనస మ్రానును తొలిచి కాయనూ దండినీ ఒకే కొయ్యలో తీస్తారు. అదే ఏకాండ వీణ. 2011లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఒకనాటి రాత్రి మా తల్లిగారి వీణను దింపి, కాయా దండీ కలిసే చోట చేతితో తడిమినాను. అతుకు లేదు. అక్కడి చెక్కడం దేనినీ కప్పుట లేదు.

కాని లోకంలో అన్నియు ఏకాండములు కాజాలవు. గిటారుకు అతుకు తప్పదు. ఊరు విడిచి ఈ దీవికి వచ్చిన మన సంసారములకూ అతుకులు తప్పవు. అతుకు ఉండుట దోషం కాదు. సడలిన అతుకును బిళ్ళతో కప్పబోవుట దోషం. నిరుడు నేను చేయబోయినది అదే.

గిటారు బిళ్ళ లేకుండా తిరిగి వచ్చినది. మేమే అట్లు కోరినాము. మేస్త్రిగారు పాత మంచపు పట్టె నుండి పడౌక్ ముక్క ఒకటి కోసినారు. పడౌక్ ఈ దీవుల అధికార వృక్షం. మన ఎర్రచందనమూ, వేగిసా, ఇదీ ఒకే ప్రజాతికి చెందినవి. ఈ దీవుల కలపను 1883లో నెలకొన్న చాతం రంపపు మిల్లు తరతరాలుగా కోసినది. 2002లో సుప్రీం కోర్టు ఇచ్చిన ఉత్తర్వుల తరువాత అడవిలో నరకడం చాలావరకు తగ్గినది. కాబట్టి పాత ముక్కకు విలువ పెరిగినది. మడమబిళ్ళకు పాత ముక్కయే చాలును.

కొత్తగా కోసిన పడౌక్ కుంకుమవలె ఎర్రగా ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ గోధుమవన్నెకు తిరుగుతుంది. దాని పొడి పక్కనున్న తెల్ల కొయ్యలో దిగితే మరక వదలదు. అందుచేత మేస్త్రిగారు గరుకు కాగితం వాడక, పదునైన పలుగు అంచుతో గీసి నునుపు చేసినారు. నార వీపు చెక్క నారకు వరుసగా ఉండేటట్లు చూసినారు. పువ్వు చెక్కమని నేను అడిగితే "అక్కరలేదు బాబూ, కొయ్యే బాగుంది" అన్నారు.

ఈ రాత్రి మా అబ్బాయి వాయిస్తాడు. మీకు బిళ్ళ కనబడదు. కార్యక్రమం ముగిసిన పిదప కుతూహలం గలవారు వేదిక వెనుకకు రండి. వాడు గిటారును తిప్పి చూపుతాడు. మడమ పక్కన గోరు పెట్టి చూడండి. సందు దొరకకపోతే ఆ మెప్పు నాది కాదు. చివరి వరుసలో కూర్చున్న మేస్త్రిగారికి చెప్పండి.

సెలవు.