ఒక మెతుకు చాలునా?
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలందురు. కొన్నిటిని చూచి అన్నిటిని గూర్చి చెప్పు ఈ పద్ధతికే గణితమున ఆగమనమని పేరు. అట్లు ఊహించి చెప్పిన మాట ప్రకల్పన. దానిని తప్పని చూపు ఒక్క ఉదాహరణము ప్రత్యుదాహరణము. తునికాకు కల్లములో పది కట్టలు విప్పి, ఒక్కొక్క దానిలో 50 ఆకులున్నవని చూచినవాడు పదునొకండవ కట్టను గూర్చి ఊహింపగలడే గాని ప్రమాణము చేయలేడు.

ఒక సంఖ్యను దానితోనే గుణించి, ఆ సంఖ్యనే కలిపి, పిమ్మట 41 కలుపుడు. 1 తీసికొన్న 43, 2 తీసికొన్న 47, 3 తీసికొన్న 53 వచ్చును. ఇవన్నియు ప్రధాన సంఖ్యలే. అనగా 1తోను, తమతోను తప్ప మరి దేనితోను నిశ్శేషముగా భాగింపబడనివి. 39 వరకు ఇట్లే జరుగును. ఇక సందేహమేల యనిపించును. కాని 40 తీసికొన్న 1681 వచ్చును. అది 41ని 41తో గుణించిన లబ్ధము! 39 సాక్ష్యములను ఒక్కటి కొట్టివేసినది.

మహామేధావులును ఇట్టి చోట పొరబడిరి. ఆరు దళములనుండి ఆరేసి హోదాల అధికారులను 36 మందిని, ఏ వరుసలోను ఏ దళమును, ఏ హోదాయు రెండుమారులు రాకుండ చతురస్రముగా నిలుపుట సాధ్యము కాదనియు, 10, 14, 18 మొదలగు సంఖ్యలకును అంతేననియు 1782లో ఆయిలరు ప్రకటించెను. 6 విషయమున అది నిజమని 1901లో టారీ చూపెను. కాని 1959లో బోస్, శ్రీఖండేలు 22కును, పార్కర్ 10కిని అట్టి అమరికలను కూర్చిరి. 6 దాటిన ఏ సంఖ్యకును ఆ ప్రకల్పన నిలువదని 1960లో ఆ మువ్వురును కలసి నిరూపించిరి. ఈ బోసుగారితో కలకత్తా భారత గణాంక సంస్థలో పనిచేసి, ఇట్టి అమరికల శాస్త్రమునే పెంపొందించిన సి. ఆర్. రావుగారు మన తెలుగువారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విద్యార్థి.

ఇది కాగితముపై ముచ్చట మాత్రమే కాదు. భద్రాచలము కడ గోదావరి 43 అడుగులు చేరిన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. “ఇన్నేండ్లుగా మా యిల్లు మునుగలేదు, ఇకను మునుగదు” అనుట ఆగమనమే. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులు. గణితమున ప్రత్యుదాహరణము ఒక సూత్రమును చెఱచును. ఏటి యొడ్డున అది ధాన్యమును, పశువులను గొనిపోవును.

అట్లని ఆగమనమును విడువరాదు. 1, 3 కలిపిన 4. దానికి 5 చేర్చిన 9. 7 చేర్చిన 16. ఇవి 2, 3, 4ల వర్గములు. చింతగింజలతో చతురస్రము పేర్చి, దాని రెండు ప్రక్కల ఒక్కొక్క వరుసయు, మూలకొక గింజయు చేర్చుడు. ప్రతి మారును క్రిందటి మారుకంటె రెండు గింజలు ఎక్కువ పట్టును. కనుక కావలసినది ఎల్లప్పుడును తరువాతి బేసి సంఖ్యయే. ఇచ్చట కారణము దొరికినది. ఇక ఎన్ని సంఖ్యలకైనను భయము లేదు. మెతుకును అంతే. ఒకే కుండలో, ఒకే నీట, ఒకే నిప్పుపై ఉడికినవి గనుకనే ఒకటి తక్కినవానికి సాక్ష్యమిచ్చుచున్నది.

విద్యార్థులారా, పది లెక్కలలో సరిపోయినదని తృప్తి చెందకుడు. పదునొకండవ దానిలో ఏల సరిపోవలెనో అడుగుడు. పెద్దలారా, మీ మాటకు పిల్లవాడొకడు “కాదు” అని ఒక్క ఉదాహరణము చూపినచో కోపింపక పరిశీలింపుడు. అది నిజమైనచో, వాడు మీకు మేలే చేసినాడు.