మారుమనువు, మనోవర్తి



విడాకులైన స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మనోవర్తి ఆగిపోతుందని అందరికీ తెలుసు. ఏది ఆగుతుందో, ఏది ఆగదో చాలామందికి తెలియదు.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్, 2024 జూలై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్, విడాకులైన స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకోనంతవరకే ఆమెను 'భార్య'గా లెక్కిస్తాయి. పెళ్ళయితే ఆ తేదీ నుంచి మేజిస్ట్రేటు ఉత్తర్వు రద్దు చేయాల్సిందే. 1955 నాటి హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద మాత్రం రద్దు చేయడమా, తగ్గించడమా అన్నది కోర్టు విచక్షణ.

కానీ ఆ తేదీకి ముందరి బకాయి పోదు. పిల్లల మనోవర్తీ పోదు. అందుకే తల్లికెంత, పిల్లలకెంత అన్నది పిటిషన్‌లోనే విడివిడిగా రాయించండి. అతను మళ్ళీ పెళ్ళి చేసుకుంటే? అతని బాధ్యత రద్దు కాదు.

ఈ తేడా ఎందుకు? స్త్రీ పోషణ భారం ఒక మగవాడి నుంచి మరొకడికి బదిలీ అవుతుందని చట్టం అనుకుంటోంది. పదేళ్ళు ఆ ఇంట్లో చేసిన చాకిరీ, వదులుకున్న ఉద్యోగం రెండో పెళ్ళితో తిరిగొస్తాయా?

మరో దారి ఉంది. ముస్లిం స్త్రీల 1986 చట్టం కింద భర్త ఇవ్వాల్సిన మొత్తం విడాకుల నాడే ఖాయమవుతుందనీ, మారుమనువుతో పోదనీ 2024 జనవరిలో బొంబాయి హైకోర్టు చెప్పింది. ఆ సూత్రం స్త్రీలందరికీ వర్తించాలి. మనం అడగాల్సింది పోషణ కాదు, వాటా.